పగటి నిద్రకు కాపలా

మా గల్లీలో పొద్దున ఎనిమిది దాటాక ఎవరూ గట్టిగా మాట్లాడరు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకిది వింతగా ఉండేది. సూరత్ అంత పెద్ద ఊరు. అందులో సచిన్ జీఐడీసీ పారిశ్రామిక వాడ అంటే పగలూ రాత్రీ ఆగని మగ్గాలు, అద్దకం మిల్లులు, ట్యాంకర్లు, టెంపోలు. అలాంటి చోట పట్టపగలు ఒక గల్లీ మొత్తం గుసగుసల్లో బతకడమేమిటి? రెండు మూడు రోజుల్లోనే తెలిసింది. ప్రతి తలుపు వెనకా రాత్రి పాళీ చేసి వచ్చిన మనిషి ఒకరు పడుకుని ఉంటారు. సాయంత్రం ఏడింటికి వాళ్ళు మళ్ళీ మగ్గాల ముందు నిలబడాలి. ఆ నిద్ర చెడకుండా చూడటమే ఇక్కడ ఇంటిపట్టున ఉండే ఆడదాని మొదటి ఉద్యోగం. వంట, బట్టలు, నీళ్ళు, పిల్లలు అన్నీ ఆ తర్వాతే.

నాకు ఇద్దరూ మగపిల్లలే. పెద్దోడికి ఐదేళ్ళు, చిన్నోడికి మూడు. ఇల్లంటే ఒక గది. అందులోనే ఓ మూల వంటగట్టు, ఇంకో మూల మంచం, మధ్యలో నా పాత చీరతో కట్టిన తెర. ఆ తెరకు అవతల పిల్లల బాపు, అంటే మా ఆయన, పడుకుంటాడు, ఇవతల ఇద్దరు పిల్లలు ఆడుకుంటారు. పండుగకు ఊరికి పోయినప్పుడు ఈ సంగతి చెప్తే మా వదినలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. "మొగపోరగాండ్లను సప్పుడు చేయనియ్యకుండ ఉంచుతవా? కోతులను కుర్చీల కూసోబెట్టినట్టే గదా!" అంటారు. నిజమే. కూర్చోబెడుతున్నాను మరి.

ఎలాగో చెప్తాను, ఎందుకంటే ఈ పని గురించి ఎవరూ ఎక్కడా రాయగా నేను చూడలేదు. కుక్కర్ విజిల్ పగలు వినపడకూడదు. పప్పు తెల్లవారుజామునే ఉడికిపోవాలి, లేదంటే మూకుడు మీద మూతపెట్టి గంటసేపు ఉడకబెట్టుకోవాలి. మిక్సీ పని ఉంటే గిన్నె పట్టుకుని నాలుగిళ్ళవతల పగటి పాళీవాళ్ళ ఇంటికి పోవాలి. స్టీలు పళ్ళేలు అటక మీదికి పోయాయి, పిల్లలకు ప్లాస్టిక్ పళ్ళేలే. కిందపడినా చప్పుడు చేయని బొమ్మలే కొంటాను: గుడ్డ బంతి, రబ్బరు ఏనుగు. టీవీ పెడతాను గానీ సౌండు ఉండదు. మా పిల్లలకు కార్టూన్లన్నీ మూకీలే. దాంతో ఇద్దరూ కొత్త విద్య ఒకటి నేర్చారు. బొమ్మలు నోళ్ళు ఆడిస్తుంటే మాటలు వీళ్ళు పెడతారు, చెవి దగ్గర నోరు పెట్టుకుని, ఊపిరితో. ఒకడు మోటూ, ఒకడు పత్లూ. ఆ మాటల్లో సగం తెలుగు, పావు హిందీ, మిగిలింది గల్లీ గుజరాతీ. అసలు కార్టూన్‌లో ఏ కథ నడుస్తోందో వాళ్ళకు తెలియదు, వాళ్ళు చెప్పుకునే కథే బాగుంటుందని నా అనుమానం.

కొట్లాట మాత్రం ఆగదు. అదీ నిశ్శబ్దంగానే సాగుతుంది. అరవకూడదని తెలుసు కాబట్టి చిన్నోడు కొరుకుతాడు. పెద్దోడు ఏడవకుండా నా దగ్గరికి వచ్చి చెయ్యి చూపిస్తాడు. నాలుగు పళ్ళ గుర్తులు. కళ్ళ నిండా నీళ్ళు, నోట్లోంచి ఒక్క శబ్దం రాదు. ఐదేళ్ళ పిల్లాడు ఏడుపు అంత బాగా మింగగలగడం చూసి పొరుగావిడ "కిత్నా సమజ్‌దార్ బచ్చా హై" అని మెచ్చుకుంటుంది. నాకు ఆ మెప్పు రుచించదు.

పదిహేను రోజులకు పాళీ మారుతుంది. మా ఆయన పగలు పోవడం మొదలుపెట్టగానే ఇద్దరికీ గొంతు తిరిగొస్తుంది. మంచం మీంచి దూకడం, డబ్బాలు వాయించడం, కారణం లేకుండా కేకలు పెట్టడం. నేను ఆపను. అయితే ఆ రోజుల్లో పక్కింటి ఒడియా ఆయన రాత్రి పాళీలో ఉంటాడు. వాళ్ళావిడ గుమ్మంలోకి వచ్చి చేతులు జోడిస్తుంది. నేనూ పోయిన పక్షం అలాగే జోడించాను కదా. ఇద్దరం పిల్లలను తీసుకుని బయటికి నడుస్తాం.

బయట అంటే ఎక్కడ? మా పెద్దవాళ్ళ సలహా ఎప్పుడూ ఒకటే: "మొగపిల్లలే గదా, బయట ఇడిసిపెట్టు." ఆడపిల్లనైతే వదలమనరు. మా ఊరు సిరిసిల్లలో వాకిట్లో వదిలినట్టు ఇక్కడ వదలడానికి లేదు. గల్లీ చివర నుంచే టెంపోలు నూలు బీములు ఎత్తుకుని వెనక్కి వస్తుంటాయి. డ్రైవరుకు మూడేళ్ళ పిల్లాడు అద్దంలో కనిపించడు. మురుగుకాల్వ సంగతి సరేసరి. 2022 జనవరి 6 తెల్లవారుజామున ఈ జీఐడీసీలోనే ఒక ట్యాంకరు నుంచి కాల్వలోకి రసాయనం వదులుతుంటే లేచిన విషవాయువుకు ఆరుగురు కార్మికులు చనిపోయారు. మిల్లు దగ్గర నిద్రపోతున్నవాళ్ళే ఎక్కువగా ఆ గాలికి చిక్కారు. అప్పటి నుంచి ఘాటు వాసన వస్తే చాలు, గల్లీలో ఆడవాళ్ళం మగవాళ్ళను లేపాలా వద్దా అని ఒకరి ముఖం ఒకరం చూసుకుంటాం. సంక్రాంతి రోజుల్లో ఇంకో భయం. ఇక్కడ ఉత్తరాయణ్ అంటే ఊరు ఊరంతా మేడల మీదే ఉంటుంది. తెగిన గాలిపటం వెంట తల పైకెత్తి పరిగెత్తే పిల్లలకు పిట్టగోడ కనబడదు. నైలాన్ మాంజాను హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. దారం మాత్రం ఇంకా మెడలు కోస్తూనే ఉంది.

ఇదంతా చెప్పడం జాలి కోసం కాదు. నా వాదన ఒకటి ఉంది. పన్నెండు గంటల పాళీ అనేది మగ్గం దగ్గర నిలబడిన ఒక్క మనిషితో నడవదు. ఇంట్లో ఇంకొకరు ఆ పాళీకి రెండో సగం మోస్తేనే అది నడుస్తుంది. యజమాని ఆ రెండో సగానికి కూలి కట్టడు, సర్కారు దాన్ని లెక్కలో రాయదు, చట్టం చేసేటప్పుడు ఆ మనిషిని ఎవరూ అడగరు.

చట్టం ప్రస్తావన ఊరికే రాలేదు. 2025 జులైలో గుజరాత్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, సెప్టెంబరులో శాసనసభలో బిల్లు నెగ్గించుకుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో రోజుకు తొమ్మిది గంటలున్న పని పరిమితిని పన్నెండుకు పెంచే సవరణ అది. వారానికి 48 గంటలు దాటకూడదన్నారు. కార్మికుడు రాతపూర్వకంగా ఒప్పుకోవాలన్నారు. రోజుకు పన్నెండు చొప్పున నాలుగు రోజులు చేస్తే మిగతా మూడు రోజులు ఇంట్లో ఉండొచ్చన్నది లెక్క. కాగితం మీద ఆ లెక్క తప్పని నేను అనను. కానీ మీటరు లెక్కన కూలి ఇచ్చే మగ్గాల దగ్గర మూడు రోజులు ఇంట్లో కూర్చునే మగాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఇక్కడ పన్నెండు గంటల పాళీ చట్టం కంటే ఎంతో ముందునుంచే ఉంది, అదీ వారానికి ఆరు రోజులు. గుణించి చూస్తే డెబ్బై రెండు. ఇన్నాళ్ళూ అది చట్టం కంటపడకుండా జరిగిన పని. ఆ సవరణతో పన్నెండు అనే అంకెకు గౌరవం వచ్చింది.

ఆ సమ్మతి కాగితం మీద సంతకం ఎవరిది? కార్మికుడిది. పన్నెండు గంటలు నిలబడి వచ్చినవాడు ఇంటికొచ్చి స్నానం చేసి, తిని, నడుం వాల్చేసరికి తొమ్మిదవుతుంది. మూడు గంటలకు లేస్తేనే ఏమైనా పని చూసుకుని మళ్ళీ బయల్దేరగలడు. అతని పన్నెండు గంటలకు నా వైపు నుంచి కట్టాల్సిన గంటలు పొద్దున నాలుగింటికి మొదలై రాత్రి పిల్లలు పడుకునేదాకా సాగుతాయి. కాగితంలో నాకూ ఒక గీత ఉండాలి కదా అని ఒకసారి మా ఆయనతో అంటే నవ్వి, "నీ సంతకం పెట్టుమంటే ఏ సేఠ్ నన్ను పనిల పెట్టుకుంటడే?" అన్నాడు. నవ్వులాటకు అన్నా, మాట మాత్రం ఉన్నదే అన్నాడు.

మా ఆయన మీద ఫిర్యాదేమీ లేదు. ఎనిమిది మగ్గాల మధ్య నిలబడే మనిషి ఇంటికొచ్చి గిన్నెలు తోమాలని ఏ ముఖంతో అడగను? కేంద్రం 2024లో చేయించిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు జీతంలేని ఇంటిపనిలో ఉంటారు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. పిల్లల్నీ ముసలివాళ్ళనూ చూసుకునే పని వేరే. అందులో ఆడవాళ్ళవి 137 నిమిషాలు, మగవాళ్ళవి 75. చదువుకున్నవాళ్ళు ఈ అంకెలు చూసి మగవాళ్ళ బద్ధకం గురించి రాస్తారు. రాయాల్సిందే, బద్ధకం లేదని కాదు. కానీ సచిన్‌లో ఒక రాత్రి పాళీ మనిషి రోజును పరిచి చూడండి, ఆ 88 నిమిషాలు ఎక్కడ ఇరికిస్తారో చెప్పండి. పదిహేను రోజులపాటు మా పిల్లలకు బాపు అంటే తెర వెనక దుప్పటి. చిన్నోడు అప్పుడప్పుడు తెర కింది నుంచి దూరి బాపు కాలి బొటనవేలు ముట్టుకుని వచ్చేస్తాడు. గుళ్ళో గంట కొట్టినంత సంబరం వాడికి. పాళీ తినేసింది నా పగలును మాత్రమే కాదు, ఆయన తండ్రితనాన్ని కూడా.

ఇంకో సంగతి. మగ్గాల హోరులో ఏళ్ళకేళ్ళు పనిచేసినవాళ్ళకు వినికిడి తగ్గుతుంది. మా ఆయన మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. మేం చెప్పింది రెండోసారి చెప్పాలి. అదే మనిషికి నిద్రలో స్పూను కిందపడితే మెలకువ వస్తుంది. ఖాతాలో (మగ్గాల షెడ్డును ఇక్కడ అలాగే అంటారు) భోజన విరామంలో వందల మగ్గాల మధ్య నేల మీద పడుకుంటే గురక పెడతాడట. చెవి చప్పుడుకు అలవాటుపడింది, హఠాత్తుగా వచ్చే చప్పుడుకు పడలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. డాక్టర్లు ఏమంటారో మరి.

మా అమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆమె కూడా ఇంటిపట్టునే ఉండేది. సిరిసిల్లలో మగవాళ్ళది సాంచాల (మరమగ్గాల) పని అయితే ఆడవాళ్ళది బీడీల పని. మా అమ్మ ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు. ముగ్గురం పిల్లలం ఆ చాట చుట్టూ పెరిగాం. సాయంత్రం నేను బీడీల కొసలు మడిచిపెట్టేదాన్ని. ఆ పని గొప్పదని నేననను. తంబాకు దుమ్ముకు అమ్మ దగ్గు ఇప్పటికీ తగ్గలేదు. కానీ ఒకటి గమనించండి. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టిన మా అమ్మను దేశం కార్మికురాలు అంది. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది, ఇంటి దగ్గర చుట్టేవాళ్ళను కూడా అది లెక్కలోకి తీసుకుంది. ఆమెకు పీఎఫ్ నంబరుంది. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు జీవనభృతి మొదలైంది, 2019లో అది నెలకు 2016 రూపాయలైంది. అంతా కొట్లాడి తెచ్చుకున్నదే. సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి ఆడవాళ్ళు ఎన్ని ధర్నాలు చేశారో మా తరానికి తెలుసు.

నేను డిగ్రీ చదివాను. నాకు ఏ నంబరూ లేదు. ఇంట్లో కూర్చుని చేసే పని సూరత్‌లోనూ దొరుకుతుంది. చీరల అంచుల దారాలు కత్తిరించడం, గమ్ముతో రాళ్ళు అతికించడం. మా గల్లీలోనే నలుగురు చేస్తారు. మూడేళ్ళ పిల్లాడున్న గదిలో మెరిసే రాళ్ళు, కత్తెర, గమ్ము పెట్టుకుంటే ఏమవుతుందో తల్లికి వేరే చెప్పాలా? చిన్నోడు ముక్కులో బఠానీ పెట్టుకున్న ఘనుడు. కాబట్టి నేను చేయను. జనాభా లెక్కల భాషలో నేను పని చేయనిదాన్ని. 2011 లెక్కల్లో ఇంటిపనే ప్రధాన పని అని చెప్పిన ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లు. అంత జనం పని లేనివాళ్ళ పట్టీలో కూర్చున్నారు.

కోర్టులు కాస్త నయం. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో 2001లో సుప్రీంకోర్టు గృహిణి సేవల విలువ నెలకు 3000 రూపాయలని కట్టింది. 2021 జనవరిలో మరో ప్రమాదం కేసులో మన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తీర్పు రాస్తూ, ఇల్లు చూసుకునే మనిషి పని దేశ ఆర్థిక వ్యవస్థకే ఉపయోగపడుతోందని, దానికి విలువ కట్టడం న్యాయమేనని తేల్చి చెప్పారు. చదివి సంతోషించాను. ఆ తర్వాత తట్టింది: నా పని విలువెంతో కోర్టు చెప్పాలంటే ముందు నేను లారీ కింద పడాలి.

నెలనెలా సర్కారు నాకు జీతమివ్వాలనేవాళ్ళు ఉన్నారు. నేనా గుంపులో లేను. వెయ్యో రెండువేలో చేతిలో పెట్టి "నీ పనికి డబ్బు ముట్టింది కదా" అంటే, పిల్లలను మూగవాళ్ళుగా పెంచే ఉద్యోగం నాకు శాశ్వతమైపోతుంది. నాకు కావాల్సింది పిల్లలు అరవడానికి ఒక చోటు. పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా, నీడ, నీళ్ళు, గోడ, ఒక మనిషి ఉన్న చోటు.

అలాంటివి చట్టంలో లేవా అంటే ఉన్నాయి, తమాషాగా ఉన్నాయి. 1948 చట్టం ముప్పై మందికి మించి ఆడకార్మికులున్న ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలంది. మా ఆయన పనిచేసేలాంటి ఖాతాల్లో మగ్గాల దగ్గర అందరూ మగవాళ్ళే. కాబట్టి గది అక్కర్లేకపోయింది. అంటే మగకార్మికులకు పిల్లలుండరని, ఉన్నా వాళ్ళ సంగతి ఫ్యాక్టరీకి సంబంధం లేదని. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు యాభై మంది ఉద్యోగులుంటే పిల్లల గది ఉండాలన్నారు. అదైనా రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకునే హక్కు తల్లికే ఇచ్చింది. ఒక తండ్రి వెళ్ళి చూస్తాడన్న ఊహే లేదు. 2025 సవరణ ఆడవాళ్ళను కూడా, వాళ్ళు ఒప్పుకుంటే, రక్షణ షరతులతో రాత్రి పాళీలోకి రానిచ్చింది. మంచిదే, నేను వద్దనను. రేపు నేనూ రాత్రి పాళీకి పోతే పగలు ఇద్దరం తెర వెనక పడుకుంటాం. ఇవతల ఎవరుంటారు?

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఉంది. దేశంలో ఈ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది, ఇన్నేళ్ళలో దీనంత మేలు చేసిన పథకాలు తక్కువ. గుజరాత్‌లో ఇచ్చే బాలశక్తి పొడి మా చిన్నోడు బెల్లం కలిపితే లొట్టలేసుకుని తింటాడు. అక్కడ నేర్చుకున్న గుజరాతీ పాటలు ఇంటికొచ్చి గుసగుసగా పాడతాడు. ఇబ్బంది వేళల దగ్గరే. పిల్లలు అంగన్‌వాడీ నుంచి తిరిగొచ్చే సమయం, రాత్రి పాళీ మనిషి గాఢనిద్రలో ఉండే సమయం ఒకటే. పెద్దోడి సంగతి ఇంకోరకం. గుజరాత్‌లో 2023-24 నుంచి జూన్ 1 నాటికి ఆరేళ్ళు నిండితేనే ఒకటో తరగతి. వాడు పుట్టింది జులైలో. నియమం సరైనదే, ఆరేళ్ళలోపు పిల్లాడి వీపు మీద బ్యాగు వేయడం నాకూ ఇష్టం లేదు. బాల్‌వాటికలో వేశాం. అదీ కొన్ని గంటలే.

కేంద్రం 2022లో పాత శిశుగృహాల పథకాన్ని 'పాల్నా' అని మార్చింది. అంగన్‌వాడీనే రోజంతా నడిచే పిల్లల కేంద్రంగా చేయడం దాని ఉద్దేశం. దేశమంతటా 17,000 పెట్టాలని లక్ష్యం. అందులో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది: ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలున్న తల్లులందరికీ ఇది వర్తిస్తుంది, ఆమె ఉద్యోగం చేస్తోందా లేదా అన్నదానితో పని లేదు. ఈ ముక్క తెలియక మా గల్లీలోనే ఆడవాళ్ళు "మనం ఇంట్లనే ఉంటం గదా, మనకెందుకిస్తరు?" అనుకుంటారు. ఇంట్లో ఉండే తల్లికి పిల్లల కేంద్రం ఎందుకు అని అడిగే చదువుకున్నవాళ్ళు కూడా నాకు తెలుసు. పడుకున్న మనిషి, ఇద్దరు మగపిల్లలు, పొయ్యి, ఒకటే గది. వచ్చి ఒక పూట కూర్చుని చూస్తే వాళ్ళ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

గదులంటే గుర్తొచ్చింది. 2024 జులై 6 మధ్యాహ్నం ఇక్కడి పాలీ గ్రామంలో కార్మికులు అద్దెకుండే ఆరంతస్తుల భవనం కుప్పకూలింది. ఏడుగురు పోయారు. కట్టి పదేళ్ళు కూడా కాలేదు. చాలామంది పనికి పోయి ఉన్నారు, రాత్రి పాళీ చేసి వచ్చినవాళ్ళు లోపల పడుకుని ఉన్నారని అప్పుడు వార్తల్లో వచ్చింది. ఆ వారమంతా మా గల్లీలో ఎవరి ఇంట్లోనూ మగవాళ్ళు సరిగా పడుకోలేదు. ఆడవాళ్ళం గోడల మీద పగుళ్ళు వెతికాం. చప్పుడు కాకుండా చూసుకుంటే సరిపోతుందనుకున్న నిద్రకు పైకప్పు కూడా కావాలని అప్పుడు తెలిసింది. ఇంత పారిశ్రామిక వాడ వేసినవాళ్ళు రోడ్లు గీశారు, కరెంటు గీశారు, కాల్వలు గీశారు. కార్మికుడు పగలు ఎక్కడ పడుకుంటాడన్నది మాత్రం అద్దె గదుల వ్యాపారులకు వదిలేశారు. పెళ్ళికాని ఒడియా కుర్రాళ్ళు మెస్సుల్లో ఉంటారు. ఒకడు లేచి పనికి పోతే అదే చాప మీద ఇంకొకడు వచ్చి పడుకుంటాడు. వాళ్ళ నిద్రకు కాపలా కాసే పెళ్ళాం కూడా లేదు.

మగపిల్లల తల్లిని కాబట్టి ఇంకో మాట. మా పెద్దోడు తన పళ్ళెం తనే కడుగుతాడు. చప్పుడు కాకుండా కడగడం వాడికి వచ్చు, ఆ విద్యలో నాకంటే నేర్పరి. చిన్నోడు ఉల్లిపాయ పొట్టు ఏరిపెడతాడు. ఒకరోజు చూసిన పెద్దావిడ "లడ్కే సే బర్తన్ ధుల్‌వాతీ హై?" అని కోప్పడింది. ధుల్‌వాతీ హూఁ అన్నాను. ఎందుకంటే వీళ్ళు కూడా రేపు ఏదో పాళీలో నిలబడేవాళ్ళే కావచ్చు. అప్పుడు ఇంకో తెర కట్టుకుని ఇంకో ఆడపిల్ల నాలాగే గుసగుసల్లో బతకాలని నేను కోరుకోను. అయితే పళ్ళెం కడగడం నేర్పినంత మాత్రాన సరిపోదని కూడా నాకు తెలుసు. పన్నెండు గంటలు నిలబడి వచ్చినవాడికి ఎంత మంచి పెంపకమైనా రెండు చేతులు అదనంగా ఇవ్వదు. మగవాడు ఇంటిపని చేయాలంటే ముందు వాడు ఇంట్లో మెలకువగా ఉండాలి.

అందుకే ఎనిమిది గంటల పాళీ నా దృష్టిలో కార్మిక సంఘాల పాత నినాదం కాదు, అది తల్లుల కోరిక. రోజుకు మూడు పాళీలు పెడితే ముగ్గురు మనుషులకు కూలి ఇవ్వాల్సి వస్తుంది, మీటరు ధర పెరుగుతుంది, చైనా బట్టతో పోటీ పడలేం అంటారు. నేను బి.కాం. చదివాను, ఆ లెక్క నాకు తెలియంది కాదు. రెండు పాళీలతో మిగిలే డబ్బు మిగులు కాదు, మా దగ్గర ఊరికే తీసుకున్న గంటలు. ఆ గంటలకు ఖరీదు కట్టి అప్పుడు పోటీ గురించి మాట్లాడమనండి.

పాళీ రేపే మారదని తెలుసు. ఈలోగా చేయగలిగినవి ఉన్నాయి. ఖాతాల సంఘాలు కలిసి పారిశ్రామిక వాడలోనే పగలు పడుకునే హాళ్ళు కట్టొచ్చు, ఫ్యాన్లు, చీకటి పరదాలు, గట్టి కప్పు ఉన్నవి. ఇష్టమున్నవాళ్ళు అక్కడే నాలుగు గంటలు నిద్రపోయి ఇంటికొస్తారు. కార్మికులుండే గల్లీల్లోని అంగన్‌వాడీలను పాల్నా కింద సాయంత్రం దాకా నడపొచ్చు. అక్కడ పనిచేసే బెన్‌లకు (అక్కలకు) అదనపు గంటలకు అదనపు జీతం ఇవ్వాలి. ఒక ఆడదాని మోత దించి ఇంకో ఆడదాని నెత్తిన పెట్టమని నేనడగను. పాళీ మార్పు పట్టీని నెల ముందే ఇంటికి పంపొచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. వచ్చే జనాభా లెక్కల్లో నా ఎదురుగా కూర్చునే మనిషి "ఏం పని చేస్తారు" అని అడిగితే, నా జవాబు రాసుకోవడానికి ఫారంలో గడి ఉండాలి.

ఇది రాసిన కాగితం చూసి మా ఆయన, "నిద్రపోయేటందుకు హాలట, సేఠ్‌కు సూపిస్తే నవ్వుతడు" అన్నాడు. చూపించమన్నాను. పక్కింటి ఒడియా ఆవిడ కోసం దీన్ని హిందీలో కూడా రాసిపెడుతున్నాను. వార్డు ఆఫీసుకు అర్జీ ఇవ్వాలంటే గల్లీలో అందరికీ చదివి వినిపించాలి కదా. అందుకు పగటి పాళీ పక్షం రావాలి.